21 ఏళ్ల మోటర్‌హోమ్, “మూలలో కొంచెం తడి” అంటున్నారు. తీసుకోవచ్చా?

రోడ్డుకొత్త
మూడేళ్లుగా కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ కొందామని తిరుగుతున్నాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల పాప. ఇన్నాళ్లకు ఒకటి మనసుకు పట్టింది. వయసు 21 ఏళ్లు, డీజిల్, తిరిగింది 94,000 కిలోమీటర్లే. డ్రైవర్ క్యాబిన్ మీద ఒక పడక, వెనక ఒకటి, బాత్రూమ్, గ్యాస్ ఫ్రిజ్, హీటర్ అన్నీ ఉన్నాయి. లోపలంతా కొత్త వాల్‌పేపర్ అంటించారు, ఫొటోల్లో తళతళలాడిపోతోంది. అమ్మేవాళ్లు మాత్రం ఫోన్‌లో “పైపడక మూలలో కొంచెం తడి ఉంటుంది, సీలెంట్ పూస్తే పోతుంది” అన్నారు.

మా దగ్గరున్న దాంట్లో ఎనభై శాతం బండికే అయిపోతుంది. మిగిలినదాంతో చిన్నాచితకా పనులు మేమే చేసుకోవాలి. మా ఆయనకు కరెంటు పని వచ్చు, నాకు చెక్కపని కొంచెం వచ్చు. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. ఏమేం చూడాలి? ఆ తడి గురించి టెన్షన్ పడాలా, అక్కర్లేదా?

చిట్టిచక్రం
పడాలి.

నట్టుబోల్టు
తడి సంగతి తడిగోడ గారు వచ్చి చెబుతారు. నేను ఇంజన్ సంగతి చెబుతాను.

94,000 అని మురిసిపోకండి. 21 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 4,500 కూడా రావట్లేదు. అంటే ఈ బండి తిరిగిన రోజులకన్నా కదలకుండా పడున్న రోజులే ఎక్కువ. నిలబెట్టిన బండికి వచ్చే జబ్బులు వేరు. బ్రేకులు పట్టేస్తాయి, రబ్బరు పైపులు పగుళ్లిస్తాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, అందుకే తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఇంజన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టుకు కిలోమీటర్ల లెక్కతోపాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. అది తెగితే చాలా డీజిల్ ఇంజన్లలో వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజన్ మొత్తం విప్పాల్సిందే.

ఇంకోటి. వెళ్లగానే మాటల్లో పడకుండా ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో, ఎంత పొగ వదులుతుందో కళ్లారా చూడాలి.

తడిగోడ
నట్టుబోల్టు పిలిచాక రాకుండా ఎలా ఉంటాను.

అమ్మా రోడ్డుకొత్తా, నీ ప్రశ్నలో నాకు భయం వేసింది “కొంచెం తడి” దగ్గర కాదు, “కొత్త వాల్‌పేపర్” దగ్గర. ఆ రెండు మాటలూ ఒకే బండి గురించి వస్తే ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. ఆ కాలం బళ్ల గోడ చాలావాటికి ఇలా ఉంటుంది: బయట పల్చటి అల్యూమినియమో ఫైబరో రేకు, మధ్యలో చెక్క చట్రం, చట్రం సందుల్లో థర్మాకోల్ లాంటిది, లోపల మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానిమీద కాగితం. పైకప్పు అంచు దగ్గరో, కిటికీ చుట్టూనో, స్క్రూల పట్టీ కిందనో సీలెంట్ ఎండి పగిలితే నీళ్లు నేరుగా ఆ చెక్కలోకి దిగుతాయి. లోపల కాగితం మీద మరక కనపడేసరికి చెక్క ఏళ్లతరబడి తడుస్తూ ఉండి ఉంటుంది. మరక అనేది జబ్బు మొదలైన గుర్తు కాదు, ముదిరిన గుర్తు.

తేమ కొలిచే మీటర్ ఒకటి కొనుక్కో, అరువన్నా తెచ్చుకో. గోడంతా అడుగడుగునా పెట్టి చూడాలి. 15 శాతం లోపు ఉంటే బండి పొడిగా ఉన్నట్టే. 15 నుంచి 20 మధ్య ఉంటే కన్నేసి ఉంచాలి. 20 దాటితే ఎక్కడినుంచో నీళ్లు వస్తున్నాయి. 30 దాటితే చెక్క పోయిందనే అనుకోవాలి. మీటర్ ఒక్కదాన్నే నమ్మకు, అల్యూమినియం పట్టీ దగ్గర పెడితే తప్పుడు అంకె చూపిస్తుంది. అంకె చూశాక బొటనవేలితో నొక్కి చూడు. బాగున్న గోడ తిరిగి నెడుతుంది, పుచ్చిన గోడ లోపలికి ఒదుగుతుంది.

నా మొదటి బండికి కూడా ఇలాగే కొత్త కాగితం ఉంది. ఇంటికి తెచ్చాక ఒక మూల కాస్త లేస్తే గోరుతో పట్టి లాగాను. కాగితంతోపాటు ప్లైవుడ్ పొరలు కూడా వచ్చేశాయి. వెనకున్న చట్రం చెక్క కమ్మిని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగింది. బయటికి తీస్తే చెదపట్టిన పాత పుస్తకంలా చేతిలోనే పొడిపొడిగా రాలింది. నల్లటి పొడి, తడి మట్టి వాసన. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. పైపడక పరుపు ఎత్తి, దాని కింద పలక నాలుగు మూలలా వాసన చూడు. గదుల్లో కొట్టే సెంటు కొట్టి ఉంటే అది కూడా ఒక గుర్తే.

ఖాళీవ్యాన్
ఈ బాధలన్నీ ఎందుకు? సరుకు రవాణా వ్యాన్ ఖాళీది ఒకటి కొని లోపల మీరే కట్టుకోండి. బయట అంతా ఇనుప రేకు, అతుకులు తక్కువ, పైకప్పు అంత తేలిగ్గా కారదు. అక్కకి చెక్కపని, బావగారికి కరెంటు పని వచ్చు అంటున్నారు, ఇంకేం కావాలి?

పాతబండి
ఖాళీవ్యాన్ తమ్ముడూ, నువ్వు ప్రతి చర్చలోనూ ఇదే మాట చెబుతావు. నీ వ్యాన్ బాగుంది, ఫొటోలు చూశాను. కానీ వీళ్ల దగ్గర డబ్బు తక్కువ. కిటికీలు, ఫ్రిజ్, హీటర్, నీళ్ల టాంకులు, పంపు, టాయిలెట్, గ్యాస్ స్టవ్, పడకలు, పాపకు సీటు బెల్టున్న సీటు, ఇవన్నీ కొత్తవి విడివిడిగా కొంటే పాత మోటర్‌హోమ్ మొత్తం ధరను దాటిపోతాయి. పైగా నీకు ఎన్నాళ్లు పట్టింది పూర్తవడానికి?

ఖాళీవ్యాన్
పద్నాలుగు నెలలు. నేనొక్కణ్ణే అనుకోండి. ధర విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. సీటు సంగతి కూడా నిజమే, ప్రయాణంలో పాప కూర్చునే సీటు, బెల్టు బిగించే చోటు చట్రానికి సరిగ్గా పట్టాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

పాతబండి
నీకు కోపం రాలేదుగా, మంచిది.

రోడ్డుకొత్తమ్మా, ఎనభై శాతం బండికే పెట్టొద్దు. ఏనుగును కొని అంకుశం దగ్గర ఆగిపోయినట్టవుతుంది. మూడో వంతు పక్కన పెట్టుకుని మిగిలిన దాంట్లో వచ్చే బండి చూడండి. టైర్లు, బ్యాటరీ, బెల్టు, సీలెంట్, ఈ నాలుగూ మొదటి ఏడాదే అడుగుతాయి.

నట్టుబోల్టు
టైర్లంటే గుర్తొచ్చింది. టైరు పక్కగోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. మోటర్‌హోమ్ టైర్లు అరగవు, ముసలివవుతాయి. గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండి పక్కల సన్నటి పగుళ్లు తేలి ఉంటాయి. ఏడెనిమిదేళ్లు దాటినవి ఎంత బాగా కనిపించినా నేను మార్చేస్తాను. వెనక జంట చక్రాలుంటే లోపలి టైరు కూడా టార్చి వేసి చూడండి, బయటిది కొత్తది వేసి లోపల పాతది వదిలేస్తారు.

మంచుకొండ
గ్యాస్ గురించి ఎవరూ చెప్పలేదు. పాప కూడా ఉంటుంది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

సిలిండర్ అరలో, స్టవ్ కింద, నేలలో చిన్న చిన్న రంధ్రాలో జాలీలో ఉంటాయి. గ్యాస్ గాలికన్నా బరువు, ప్రొపేన్ అయితే దాదాపు ఒకటిన్నర రెట్లు. లీకైతే నేలమీద పేరుకుంటుంది. అది కిందికి జారిపోవడానికే ఆ రంధ్రాలు. చలిగాలి వస్తోందని పాత ఓనర్లు వాటికి గుడ్డలు కుక్కుతారు, మీద కార్పెట్ వేసేస్తారు. వెతికి తెరవండి. గ్యాస్ అలారం నేలకు దగ్గరగా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే. దానికి వాసన లేదు, రంగు లేదు, అలారం తప్ప మనల్ని లేపేది ఇంకేదీ లేదు. రెండూ కొన్నాకే మొదటి రాత్రి పడుకోండి. వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించి పడుకోవడం ఎప్పుడూ చేయొద్దు.

రబ్బరు ట్యూబు మీద తేదీ ముద్రించి ఉంటుంది, పాతదైతే మార్చండి. జాయింట్ల దగ్గర సబ్బు నురగతో చూడండి. ఆ తర్వాత గ్యాస్ పని తెలిసినవాళ్లతో ప్రెషర్ పరీక్ష చేయించండి. మిగతా పనులన్నీ మీరు చేసుకోండి, ఇది మాత్రం వద్దు.

చిట్టిచక్రం
మా బండిలో ఆ రంధ్రానికి పాత ఓనరు సాక్సు కుక్కాడు. జతలో రెండోది ఇప్పటికీ దొరకలేదు.

పాతబండి
గ్యాస్ ఫ్రిజ్ గురించి నాదో మాట. చూడ్డానికి వెళ్లే ముందురోజు రాత్రే ఫోన్ చేసి ఫ్రిజ్ ఆన్ చేసి ఉంచమనండి. ఇది ఇంట్లో ఫ్రిజ్‌లాంటిది కాదు. 1922లో స్వీడన్‌లో వాన్ ప్లాటెన్, మంటర్స్ అని ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి. కంప్రెసర్ లేదు, తిరిగే భాగం ఒక్కటీ లేదు, మంటతోనే చల్లదనం పుట్టిస్తుంది. లోపల అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. చల్లబడ్డానికి రాత్రంతా పడుతుంది. పది నిమిషాలు ఆన్ చేసి “చూడండి, లైటు వెలిగింది” అంటే ఒప్పుకోవద్దు.

నీళ్లు, అమ్మోనియా కిందికి దిగడానికి పైపుల వాలే ఆధారం. అందుకని బండి ఒరిగి నిలబడితే ప్రవాహం ఆగిపోతుంది, బాయిలర్ దగ్గర గొట్టం మాడి లోపల గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకడితే అంతే. బయట జాలీ తీసి వెనక పైపుల మీద పసుపుపచ్చటి పొడి కనిపించినా, అమ్మోనియా ఘాటు తగిలినా ఆ ఫ్రిజ్ పోయినట్టే లెక్కేసుకుని బేరమాడండి.

రోడ్డుకొత్త
ఇన్ని విషయాలు చెప్పారు, అందరికీ పేరుపేరునా థాంక్స్. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. మీటర్ పక్కింటివాళ్ల దగ్గర దొరికింది. ఆదివారం రాత్రి వచ్చి చెబుతాను.

రోడ్డుకొత్త
వెళ్లొచ్చాం. ఉన్నదున్నట్టు చెబుతాను.

బానెట్ వెచ్చగా ఉంది. నట్టుబోల్టు గారు చెప్పకపోతే నాకు చెయ్యి పెట్టాలనే తోచేది కాదు. టైర్ల మీద 1109. అంటే 2009లో 11వ వారం. గాడి చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి, పక్కన వేలితో వంచితే పగుళ్లు విచ్చుకున్నాయి. బెల్టు మార్చిన బిల్లు లేదు.

తడి. గోడల మీద 16, 17, 18 వచ్చింది. వెనక కిటికీ కింద 22. పైపడక దగ్గర కుడి మూల 34, ఎడమ మూల 38. పరుపు ఎత్తి బొటనవేలితో నొక్కాను. కాగితం చెక్కుచెదరలేదు కానీ వేలు అరంగుళం లోపలికి వెళ్లింది. వెనక గట్టి వస్తువేదీ తగల్లేదు. మా పాప కూడా నొక్కి చూసి “అమ్మా, ఇది మెత్తగా ఉంది, గోడలు మెత్తగా ఉంటాయా?” అంది. అమ్మేవాళ్లు అప్పుడే అక్కడికక్కడ ధర పావు వంతు తగ్గించేశారు.

ఇప్పుడు మాకు మతి పోతోంది. పావు వంతు తగ్గితే చేసుకోగలమా? బండి లోపల అంత ముద్దుగా ఉంది.

చిట్టిచక్రం
పైన పటారం, లోన లొటారం. వదిలేయండక్కా.

ఖాళీవ్యాన్
చట్రం చెక్క మార్చడం అసాధ్యమేమీ కాదు. పైపడక భాగం లోపలి ప్లైవుడ్ ఊడదీసి, పుచ్చిన కమ్మీలు కోసి కొత్తవి అతికించి, థర్మాకోల్ షీట్ పెట్టి, మళ్లీ ప్లైవుడ్. అక్కకి చెక్కపని వచ్చు కదా. ఇంకొంచెం తగ్గిస్తే తీసుకోవచ్చేమో.

తడిగోడ
నేను అదే పని చేశాను కాబట్టి ఖాళీవ్యాన్‌తో ఒప్పుకోలేను. పని వచ్చా రాదా అన్నది కాదు ప్రశ్న. అమ్మా, నీకు బండి నిలిపేంత షెడ్డు ఉందా? పైకప్పు పట్టీలు విప్పాక ఆ బండి మీద ఒక్క చుక్క పడకూడదు. చట్రం ఆరడానికే వారాలు పడుతుంది. తడి చెక్క మీద కొత్త ప్లైవుడ్ కొడితే నువ్వే నీ చేతులతో నీళ్లను లోపల పెట్టి తాళం వేసినట్టు. నేను రెండు మూలలే అనుకుని మొదలుపెట్టాను. విప్పుతూ పోతే తలుపు దాకా వచ్చింది. తడికి ఎక్కడ ఆగాలో మనం చెప్పలేం, విప్పితేగాని తెలియదు. నీ అంకెల్లో కిటికీ కింద 22 కూడా ఉంది, అంటే ఒక్కచోటు నుంచి కాదు నీళ్లు రావడం.

పైపడక గోడ అంటే మీ ఆయన నడుపుతున్నప్పుడు నెత్తిమీద ఉండే భాగం. పాప పడుకునేది కూడా అక్కడే.

రోడ్డుకొత్త
షెడ్డు లేదు. వీధిలోనే పెట్టుకోవాలి.

తడిగోడ
అయితే వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు.

ఖాళీవ్యాన్
షెడ్డు లేకపోతే నేనూ వద్దనే అంటాను. ఆ విషయం అడగకుండా సలహా ఇచ్చేశాను, ఏమీ అనుకోకండి.

రోడ్డుకొత్త
వదిలేశాం. పాప ఏడ్చింది. నాకూ కడుపులో దేవినట్టయింది. కానీ మీరు చెప్పాక మళ్లీ ఆ మూలే కళ్ల ముందు కనిపిస్తోంది.

పాతబండి
పాపకు చెప్పండి, ఈసారి పొడిగా ఉన్నది వెతుకుతామని. అందంగా లేనిదాన్ని వెతకండి. ఎవరూ ముట్టుకోని పాత కర్టెన్లు, గోధుమరంగు సోఫాలు ఉన్న బండి అయితే గోడలు దాచిపెట్టలేదన్నమాట.

రోడ్డుకొత్త
ఏడు వారాల తర్వాత వస్తున్నాను. కొన్నాం!!!

18 ఏళ్ల బండి. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. లోపల పాతబండి గారు చెప్పినట్టే గోధుమరంగు సోఫాలు, పూల కర్టెన్లు, వెలిసిపోయిన కార్పెట్. అమ్మినాయన పెద్దవయసు. ఒక లావుపాటి ఫైలు తెచ్చి చేతిలో పెట్టారు. బండి కొన్న రోజు నుంచి ప్రతి సర్వీసు బిల్లు, బెల్టు మార్చిన తేదీ, బ్రేక్ ఆయిల్, అన్నీ ఉన్నాయి. ఆయన చేతిరాతతో ఏటా తేమ ఎంతుందో కూడా ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంది. నేను మీటర్ పెట్టి చూస్తే ఎక్కడా 14 దాటలేదు. పైకప్పు మీద గాలి కోసం తెరిచే మూత ఒకటి పగిలింది, బ్యాటరీ చచ్చిపోయింది, నీళ్ల పంపు అప్పుడప్పుడూ దానంతటదే టక్ టక్‌మంటుంది. టైర్లు ఐదేళ్లవి. మూడో వంతు డబ్బు ఇంకా చేతిలో ఉంది.

ఇప్పుడు పని మొదలుపెట్టాలి. ముందు ఏది?

చిట్టిచక్రం
శుభం! ఆ నోట్‌బుక్ రాసిన పెద్దాయనకు నా తరఫున దండం.

నట్టుబోల్టు
1,60,000 అంటే నాకు 94,000 కన్నా నచ్చింది. తిరిగిన బండి, చూసుకున్న బండి. ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లు మార్చేసి ఫైల్లో మీ మొదటి బిల్లు పెట్టండి.

తడిగోడ
ముందు పైకప్పు. సోఫాల రంగు, కార్పెట్ జోలికి అప్పుడే వెళ్లకు. పగిలిన మూత ఈ వారమే మార్చు.

మూత విప్పాక పాత సీలెంట్ ప్లాస్టిక్ గరిటెతో గీకి, అల్యూమినియం కనపడేదాకా తుడవాలి. కొత్త మూత అంచు కింద బ్యుటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు పట్టీ) పెట్టు. స్క్రూలు ఒకేసారి పూర్తిగా బిగించకు. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే టేపు చుట్టూ సమంగా బయటికి ఉబుకుతుంది. ఒకరోజు ఆగి మళ్లీ బిగించు, ఇంకాస్త ఉబుకుతుంది. ఉబికింది కోసేసి పైన పైకప్పు సీలెంట్ రాయి. బాత్రూముల్లో వాడే సిలికాన్ మాత్రం పైకప్పు మీదికి రానివ్వకు.

సోలార్_సూరి
సిలికాన్ ఎందుకు వద్దు? నేను నాలుగేళ్ల కింద రాశాను, ఇప్పటిదాకా కారలేదు.

తడిగోడ
కారనంతకాలం బాగానే ఉంటుంది సూరీ. ఊడినరోజు చూడాలి. సిలికాన్ ఒకసారి అంటితే గీకినా దాని జిడ్డు మిగులుతుంది. ఆ జిడ్డు మీద ఇంకే సీలెంటూ పట్టదు, కొత్త సిలికాన్ కూడా సరిగ్గా పట్టదు. నాలుగేళ్లయింది కాబట్టి అంచు ఎక్కడైనా లేచిందేమో గోరుతో తట్టి చూసుకో.

సోలార్_సూరి
నిచ్చెన ఎక్కి చూశాను. ఒకచోట మూడంగుళాలు లేచింది. ఈ ఆదివారం పని తగిలింది, చెప్పి మంచిపని చేశారు.

రోడ్డుకొత్త గారూ, బ్యాటరీ ఎలాగూ చచ్చిపోయింది కాబట్టి లిథియం పెట్టేయండి. లెడ్ యాసిడ్ 100 ఆంపియర్ అవర్ అంటే నిజంగా వాడుకోగలిగేది సగమే, అంతకన్నా దింపితే ఆయుష్షు తగ్గుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే ఎనభై తొంభై దాకా వాడొచ్చు, బరువు సగం.

మంచుకొండ
సున్నా డిగ్రీల కింద లిథియంను చార్జ్ చేయకూడదని కూడా చెప్పు సూరీ. సెల్స్ పాడవుతాయి. చలి ప్రాంతాలకు వెళ్తే హీటర్ ఉన్న బ్యాటరీ తీసుకోవాలి, లేకపోతే మనుషులుండే చోట లోపల పెట్టుకోవాలి. అన్నట్టు గ్యాస్ కూడా అంతే. సిలిండర్‌లో బ్యూటేన్ ఉంటే దాదాపు సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా వస్తుంది.

పాతబండి
వీళ్లకు లిథియం ఇప్పుడే అవసరమా? లెక్క వేద్దాం. ఎల్‌ఈడీ లైట్లన్నీ కలిపి 10 వాట్లు, నాలుగు గంటలు: 40. ఫ్యాను 25 వాట్లు, ఎనిమిది గంటలు: 200. పంపు రోజంతా కలిపి పది నిమిషాలు తిరుగుతుంది: 10. ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్: 100. మొత్తం 350 వాట్ అవర్లు. 12 వోల్టులతో భాగిస్తే 29 ఆంపియర్ అవర్లు. ఫ్రిజ్ గ్యాస్ మీదే నడుస్తుంది. 100 లెడ్ బ్యాటరీలో సగం అంటే 50. ఒక రాత్రికి సరిపోగా ఇంకా మిగులుతుంది. పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటుంటే బాగా ఎండున్న రోజు 300 నుంచి 400 వాట్ అవర్ల దాకా తిరిగి వస్తుంది. డబ్బు తక్కువున్నప్పుడు ఇంతకుమించి ఎందుకు?

సోలార్_సూరి
ఏసీ నడపాలంటే?

పాతబండి
ఏసీ 1,200 వాట్లు తాగితే నీ 100 లిథియం కూడా గంట నిలబడదు. ఏసీ కావాలంటే కరెంటు ప్లగ్గు ఉన్నచోట ఆగాలి.

సోలార్_సూరి
సరే, ఈ లెక్కకు జవాబు లేదు. లెడ్‌తోనే మొదలుపెట్టండి. తర్వాత లిథియంకు మారితే పాత చార్జర్‌ను అలాగే ఉంచొద్దు, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపొద్దు. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో ఆ కరెంటును అదుపు చేసే డీసీ టు డీసీ చార్జర్ ఉండాలి. ఇంకోటి, ఏ బ్యాటరీ అయినా ప్లస్ వైరు బయటికి రాగానే ఫ్యూజు ఉండాలి, వైరు ఆ చివర కాదు. మీ ఆయనకు ఇంటి కరెంటు అలవాటు కాబట్టి చెబుతున్నాను: ఇక్కడ 12 వోల్టులు. 1,000 వాట్ల ఇన్వర్టర్ అంటే 80 ఆంపియర్లు దాటి పారుతుంది. సన్నం వైరు పెడితే షాకు కొట్టదు, నిప్పంటుకుంటుంది.

రోడ్డుకొత్త
మా ఆయన ఇది చదివి, కొనితెచ్చిన వైరు తిరిగి ఇవ్వడానికి వెళ్లారు.

నట్టుబోల్టు
ఆ టక్ టక్ గురించి. ఏ కొళాయీ తెరవకుండా పంపు తిరిగిందంటే లైనులో ప్రెషర్ దిగిపోతోంది. ఎక్కడో లీకుంది, లేదా పంపులోని వాల్వు నీళ్లను వెనక్కి వదులుతోంది. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పరిచి గంట వదిలేయండి. చేతికి తెలియని చెమ్మ కాగితం మీద తెలుస్తుంది. ఎక్కడా తడవకపోతే పంపు వాల్వే.

రోడ్డుకొత్త
దొరికింది! సింకు వెనక మోచేయి జాయింటు. కాగితం మీద రూపాయి బిళ్లంత మచ్చ. క్లిప్పు మార్చాం, టక్ టక్ ఆగిపోయింది. టిష్యూలు పరిచే పని అంతా పాపదే.

తూకంరాళ్లు
చర్చ మొత్తం చదివాను, బరువు మాట ఎవరూ ఎత్తలేదు. బండిని వేబ్రిడ్జి మీద పెట్టించారా? పుస్తకంలో రాసిన బరువు కంపెనీలోంచి వచ్చిన రోజుది. తర్వాత ఓనర్లు ఎన్ని తగిలించారో దానికి తెలియదు.

రోడ్డుకొత్త
ఇవాళే పెట్టించాం. పరిమితి 3,500 కిలోలు. మనుషులు, నీళ్లు, సామాన్లు ఏమీ లేకుండా 2,950 వచ్చింది. ఇంకా 550 ఉంది కదా అని సంబరపడ్డాం.

తూకంరాళ్లు
550 ఎంత త్వరగా అయిపోతుందో చూడండి. మీరు ముగ్గురూ 170 అనుకుందాం. నీళ్లు 100 లీటర్లంటే 100 కిలోలు. నిండు సిలిండర్లు రెండు 45. గుడారం పందిరి 25. సైకిళ్లు, స్టాండు 45. కొత్త బ్యాటరీ 25. పరుపులు, దుప్పట్లు, బట్టలు, గిన్నెలు, పనిముట్లు 120కి తగ్గవు. మొత్తం 530. మిగిలింది 20 కిలోలు. పైగా సైకిళ్లు వెనక చివర వేలాడితే ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది, కాబట్టి ఇరుసుల తూకం విడివిడిగా తీయించండి.

రోడ్డుకొత్త
గుడారం పందిరి తీసేస్తున్నాం. నీళ్లు కూడా చేరాక నింపుకుంటాం, దారిలోకి 20 లీటర్లు చాలు.

తూకంరాళ్లు
అలా చేస్తే ఇంకో వంద కిలోలు చేతిలో ఉన్నట్టే.

రోడ్డుకొత్త
నిన్న మొదటి రాత్రి బండిలో పడుకున్నాం. గ్యాస్ పరీక్ష అయింది, రెండు అలారాలూ బిగించాం. ఎక్కడికీ వెళ్లలేదు, ఇంటి ముందే. ఒంటిగంటకు పెద్ద వాన మొదలైంది. పైకప్పు మీద ఆ చప్పుడు వింటూ నేను నిద్రపోలేదు, కొత్త మూత దగ్గర టార్చి వేసి చూస్తూనే ఉన్నాను. పాప పడుకునేముందే ఎవరూ చెప్పకుండా పైపడక నాలుగు మూలలా నాలుగు టిష్యూలు పెట్టి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసుకుంది. తెల్లారి లేవగానే వాటిని చెంపకు ఆనించుకుని చూసి “నాలుగూ పొడే” అని అరిచింది. తర్వాత మీటర్ కూడా పెట్టాను. 13.

పెద్దాయన నోట్‌బుక్‌లో ఆయన చివరి అంకె కింద తేదీ వేసి ఆ 13 రాశాం.

తడిగోడ
కళ్లు చెమర్చాయమ్మా.

చిట్టిచక్రం
ఆ పూల కర్టెన్లు మార్చేస్తారా?

రోడ్డుకొత్త
పాప ఒప్పుకోవట్లేదు, ఉంచేస్తున్నాం.

ఇంకొక్క చిన్న సందేహం. వాడేసిన నీళ్ల టాంకు ఖాళీ చేశాక కూడా సింకులోంచి వాసన వస్తోంది. ఏం చేయాలి?

నట్టుబోల్టు
సింకు కింద వంపు గొట్టంలో నీళ్లు నిలవాలి, అవే వాసనకు అడ్డు. ఎండిపోయి ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లు పోసి పది నిమిషాలాగి చూడండి.

రోడ్డుకొత్త
పోయింది!